మూఢానికి ముందే తిరిగొచ్చిన యాత్ర

కంకిపాడు నుంచి కృష్ణమ్మ పుట్టిన మహాబలేశ్వరం దాకా మోపెడ్ మీద వెళ్ళి విజయవంతంగా తిరిగి వచ్చినందుకు శ్రీ రామకోటేశ్వరరావు గారికి ఘన సన్మానం జరిగిన సంగతి మీకందరికీ తెలిసిందే. సభకు మీరూ వచ్చారు. తీర్థం తీసుకున్నారు, భోంచేశారు, మీలో కొందరు వేదిక ఎక్కి ఫోటో కూడా దిగారు. అంతా సక్రమంగా, శాస్త్రోక్తంగా జరిగింది. ఆయన బయలుదేరడం మాత్రం ఆ తర్వాత కొన్నాళ్ళకు జరిగింది. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. మంచిరోజు ముందు వచ్చింది, ప్రయాణం తర్వాత వచ్చింది, అంతే.

రామకోటేశ్వరరావుకు బందరు రోడ్డు పక్కన టెంట్ హౌస్ ఉంది. శామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిస్తారు. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా, ఏ నాయకుడు గెలిచినా, ఏ నాయకుడు ఓడి ఆత్మీయ సమావేశం పెట్టుకున్నా జనం కూర్చునేది ఆయన కుర్చీల్లోనే. జీవితమంతా ఊరిని కూర్చోబెట్టిన మనిషి. తను మాత్రం ప్రతి సభకూ వందన సమర్పణ అయ్యాక వస్తారు, ఆ కుర్చీల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి తీసుకుపోవడానికి.

ఆ కుర్చీలు మోసేది ఆయన మోపెడ్. దాని శక్తిసామర్థ్యాల గురించి అబద్ధమాడడం భావ్యం కాదు. మన డెల్టాలో నేల అరచెయ్యిలా ఉంటుంది కాబట్టి దాని గుట్టు ఇన్నాళ్ళూ బయటపడలేదు. దానికి తెలిసిన కొండల్లా కాలవ మీద వంతెన ఒక్కటే. అక్కడ ఆయన పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కుతారు. అప్పటికీ కాకపోతే దిగుతారు. ఆయన దిగితే అది ఎక్కుతుంది. వాళ్ళిద్దరి మధ్య ఈ ఒప్పందం ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా నడుస్తోంది.

మహాబలేశ్వరం ఆలోచన నిజానికి ఆయనది కాదు, తల్లి బుల్లెమ్మది. ఎండాకాలం వచ్చి కాలవలు కట్టేశారు. బుల్లెమ్మ పుట్టింది ఒక కాలవ గట్టున, కాపరానికి వచ్చింది ఇంకో కాలవ గట్టుకు. నారు పోసినా, గేదెల్ని కడిగినా, పిల్లలకు స్నానం చేయించినా ఆ నీళ్ళతోనే. బురద తేలి, ప్లాస్టిక్ సంచులు బయటపడిన కాలవ వంక చూసి ఆవిడ ఓ పొద్దున కొడుకుని పిలిచింది.

"ఒరే కోటేశ్వర్రావూ, ఈ నీళ్ళు అసలు ఎక్కడ పుడతయ్యిరా?"

"మహాబలేశ్వరంలో అమ్మా. మహారాష్ట్రలో, కొండ మీద."

"చూశావా?"

"లేదు."

"మీ నాన్నా చూళ్ళేదు. ఇంతకాలం తాగాం, వీటి పుట్టిల్లు ఎక్కడో ఒక్కళ్ళమన్నా చూసొచ్చింది లేదు. నాకిక ఓపిక లేదు. నువ్వు పోయి పుట్టినచోట ఒక్క చెంబుడు పట్టుకురా. మన మురుగు కలవక ముందు ఆ నీళ్ళెట్టా ఉంటయ్యో తాగి పోతాను."

ఆవిడ గుండె విషయంలో డాక్టర్లు అప్పటికే పెదవి విరిచారు. వచ్చే ఏడు చూద్దాంలే అనడానికి లేదు. రైలెక్కి పోవచ్చు కదా అని మీరంటారు, ఆయన భార్య శ్రీదుర్గ కూడా అదే అంది. కానీ కొట్టు ముందున్న బందరు రోడ్డే హైదరాబాదు మీదుగా షోలాపూరు దాటి పూనే వైపు పోతుందని ఆయన ఎప్పుడో విన్నారు. ఇన్నేళ్ళుగా ఆ రోడ్డు మీద కుర్చీలు వేసుకుని తిరగడమే కానీ బెజవాడ దాటి పోయింది లేదు. ఒక్కసారన్నా దాని వెంటే పోవాలని ఆయనకు లోపల్లోపల ఉండేది. అమ్మ అడగడంతో ఆ కోరికకు కాళ్ళొచ్చాయి.

మెకానిక్ జాన్ పాల్ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు మార్చమన్నారు. ఎక్కడికండీ ప్రయాణం అని అతనడిగితే నిజం చెప్పారు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే. మధ్యాహ్నం భోజనాల వేళకు అభ్యుదయ సేవా సమితి అధ్యక్షులు, ప్లాట్ల వ్యాపారి శ్రీ గంగాప్రసాద్ ఇంటికి వచ్చేశారు.

గంగాప్రసాద్ గారి సేవ మీకు కొత్తగా పరిచయం చేయాలా? ఊళ్ళో ఎవరే మంచిపని తలపెట్టినా ఆయన సభ పెడతారు. పనులు పూర్తయ్యేదాకా ఆగితే సభలు తక్కువవుతాయని ఆయన గ్రహించారు. అందుకే గ్రూప్స్ కోచింగులో చేరిన కుర్రాడికి ఆఫీసరు హోదాలో సన్మానం జరిగింది. మందు మానేస్తానన్న ఒక పెద్దమనిషికి శాలువా కప్పారు. ఆ సాయంత్రమే ఆయన ఆ శాలువా పరుచుకుని బెల్టుషాపు ముందు పడుకున్నారు.

"బాబాయ్ గారూ, ఇంత పని పెట్టుకుని మీరు గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళిపోతే ఊరేమైపోవాలండీ?" అన్నారు గంగాప్రసాద్.

"ఊరికేం కాదయ్యా. చెంబుడు నీళ్ళు తెచ్చి అమ్మకిద్దామని."

"అదేనండీ నేననేది. అమ్మ కోరిక. కృష్ణమ్మ. మోపెడ్డు. ఇంకేం కావాలండీ సభకి?"

రామకోటేశ్వరరావు వద్దనలేకపోయారు. మొహమాటం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఈ ప్రాంతంలో వరి తర్వాత బాగా పండేది అదే. మర్నాటికల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో తోలు కోటు వేసుకున్న ఎవరిదో ఒంటి మీద ఆయన తల అమరింది. కింద ఉన్న బండి కూడా ఆయనది కాదు, దున్నపోతంత ఉంది. వెనక మంచుకొండలు. పైన ముఖ్య అతిథి గారి ఫోటో, దాని పక్కన కాస్త చిన్నగా గంగాప్రసాద్ గారిది, చుట్టూరా కార్యవర్గ సభ్యులవి. స్థలాభావం వల్ల బుల్లెమ్మ ఫోటో వేయలేకపోయారు.

చిక్కల్లా సిద్ధాంతి గారి దగ్గర వచ్చింది. వీడ్కోలుకు వచ్చే ఆదివారం దివ్యంగా ఉందన్నారు. ఆ తర్వాత మూఢం, మూఢం వెనకే ఆషాఢం. తిరిగొచ్చినప్పుడు స్వాగత సభ పెట్టాలంటే శ్రావణం దాకా ఒక్క మంచిరోజు లేదు. శ్రావణంలో ముఖ్య అతిథి గారికి గృహప్రవేశాలు, ప్రారంభోత్సవాలు, ఊపిరి సలపదు. ఇంకో ఊరయితే ఇక్కడ చేతులెత్తేసేది. మన సమితి కూర్చుని ఆలోచించి, ఆ ఆదివారమే పొద్దున వీడ్కోలు సభ, మధ్యాహ్నం ఘనస్వాగత సభ జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. పందిరి ఒకటే, మైకు ఒకటే, ముఖ్య అతిథి గారు ఒక్కసారి వస్తే రెండూ అయిపోతాయి.

"మరి మధ్యలో నేను వెళ్ళడం?" అని అడిగారు రామకోటేశ్వరరావు.

"అది మీ వీలుని బట్టి పెట్టుకోండి బాబాయ్ గారూ. దానికి ముహూర్తంతో పనిలేదు."

ఆదివారం తెల్లవారుతూనే సన్మానగ్రహీత గారు మోపెడ్ మీద కుర్చీలన్నీ కల్యాణమండపం ముందు వేసిన పందిట్లోకి చేరవేసి, వరసలుగా వేసి, ఇంటికెళ్ళి స్నానం చేసి, అదే మోపెడ్ మీద సన్మానానికి వచ్చారు. బండికి పసుపు కుంకుమలు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. మే నెల ఎండలో ఆయనకు ఒకదాని మీద ఒకటిగా నాలుగు శాలువాలు కప్పి, పైన మంగళగిరి నేత కండువా వేశారు. చేతిలో గాజుపెట్టె జ్ఞాపిక పెట్టారు. ముఖ్య అతిథి గారు లేచారు.

"సోదర సోదరీమణులారా. చరిత్రలో ఎందరో యాత్రలు చేశారు. నేనూ చేశాను. కానీ తల్లి దాహం తీర్చడానికి యాత్ర చేసిన మహనీయుడు ఈ కంకిపాడు గడ్డ మీద పుట్టడం, ఆ గడ్డ మీద నేను ప్రసంగించడం, అది మీరు వినడం మీ అదృష్టం. ఆ మంచుకొండల్లో గడ్డకట్టే చలిలో ఆయన పడిన కష్టం తలుచుకుంటే నాకు కన్నీళ్ళాగడం లేదు."

మహాబలేశ్వరంలో మంచుకొండలు లేవు. కన్నీళ్ళూ కనపడలేదు. చప్పట్లు మాత్రం నిజంగానే మోగాయి. తర్వాత జెండా ఊపారు. అయితే ఆదివారం పడమటికి వారశూల. మహాబలేశ్వరం ఉన్నది పడమరనే. అందువల్ల యాత్రను ఉయ్యూరు వైపు నడిపించాలని సిద్ధాంతి గారు సలహా చెప్పారు. అలా మహాబలేశ్వరానికి వీపు పెట్టి యాత్ర మొదలైంది.

ముందు మోపెడ్, వెనక మోటార్ సైకిళ్ళు, కార్లు, ఆ వెనక ఇరుక్కుపోయిన ఆర్టీసీ బస్సు, అందులో ఉసూరుమంటున్న జనం. మోపెడ్ ఎంత పోతే ఊరేగింపు అంత. కాలవ వంతెన దగ్గర, శాలువాల బరువుకీ జ్ఞాపిక బరువుకీ, హ్యాండిల్‌కి కట్టిన జెండాకర్రకీ తాళలేక బండి ఆగిపోయింది. అలవాటు ప్రకారం ఆయన దిగబోయారు. దిగితే ఫోటో బాగోదని గంగాప్రసాద్ ఆపారు. కుర్రాళ్ళు నలుగురు వెనక చేరి బండినీ ఆయన్నీ కలిపి వంతెన ఎక్కించారు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరూ చెరుకు రసం తాగి వెనక్కి తిరిగారు.

ఈలోగా పందిట్లో 'వీడ్కోలు' బ్యానర్ విప్పి 'స్వాగతం' కట్టారు. యాత్రానుభవాలు చెప్పమని ఆయనకు మైకు ఇచ్చారు. రామకోటేశ్వరరావు చాలాసేపు ఆలోచించి, "దారిలో బాగా ఎండగా ఉందండీ," అన్నారు. పందిరి దద్దరిల్లింది.

అప్పుడు చూసుకుంటే చెంబులో నీళ్ళు లేవు. కాలవలో సరేసరి. కార్యవర్గం కంగారు పడలేదు. వేదిక మెట్ల పక్కన తాగడానికి పెట్టిన నీలం రంగు నీళ్ళ టిన్ను ఒకటి ఎత్తి ఇత్తడి గంగాళంలో వంచారు, తులసి వేశారు, పచ్చకర్పూరం కలిపారు, మంత్రం చదివారు. ముఖ్య అతిథి గారి బొమ్మ అంటించిన చిన్న సీసాల్లోకి పోసి పంచారు. ముందు వరసలో కూర్చున్న మీకు ఆ టిన్ను బాగా కనపడుతుండాలి. మీరు లేచి, చెప్పులు విడిచి, సీసా అందుకుని కళ్ళకద్దుకున్నారు.

మెట్ల పక్కనే కూర్చోబెట్టిన బుల్లెమ్మను కుర్చీలోనే ఎత్తుకొచ్చి వేదిక మీద పెట్టారు. కొడుకు చేత చెంబు పట్టించి, ఆవిడ నోట్లో పోయించి, మూతి దగ్గర మైకు పెట్టారు. ఊరంతా చెవులు రిక్కించింది. ఆవిడ గుటక వేసింది.

"బాగున్నయ్యి నాయనా," అంది.

ఫోటోలు తీశారు. ఆవిడ కొడుకు మొహం వంక చూడలేదు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలంది. రామకోటేశ్వరరావు సిగ్గుతో చచ్చిపోయారు. నాలుగు శాలువాలూ మడతపెట్టి బీరువాలో పెట్టినా ఆ బరువు భుజాల మీంచి దిగలేదు.

"జనం చప్పట్లు కొడితే పని అయిపోయిందనుకున్నారా?" అంది శ్రీదుర్గ. "ఆవిడ మనిషి మనిషిలా లేదు. మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"

వెళ్ళడం మునుపటంత తేలిక కాదు. తిరిగొచ్చిన మనిషి మళ్ళీ బయలుదేరుతూ కనపడితే ఊరి పరువేం కావాలి? అందుకని పాలవాళ్ళు తిరిగే వేళకు, నిండు మూఢంలో, నిమ్మకాయ కూడా తొక్కకుండా, దొంగలా బండి నెట్టుకుంటూ రోడ్డెక్కారు. హెల్మెట్ పెట్టుకున్నారు. మన ఊళ్ళో హెల్మెట్ పెట్టుకున్నవాడు పరాయి ఊరివాడే అయ్యుంటాడు కాబట్టి ఎవరూ ఆయన్ని పలకరించలేదు. సెంటర్లో తనకే ఘనస్వాగతం పలుకుతున్న ఫ్లెక్సీ కింద నుంచి తలొంచుకుని వెళ్ళిపోయారు.

బెజవాడలో దుర్గమ్మ కొండ పక్కన ఫ్లైఓవర్ ఎక్కేసరికే మోపెడ్ మూలిగింది. కొండకు ఒంటిచేత్తో దండం పెట్టుకుని ముందుకు పోనిచ్చారు. నందిగామ దాటాక లారీలు ఒక్కొక్కటీ పక్కనుంచి పోతుంటే ఆ గాలికే బండి రోడ్డు దిగిపోయేది. ఆయన మళ్ళీ రోడ్డెక్కించేవారు. సూర్యాపేటలో టీ కొట్టతను బండిని చుట్టూ తిరిగి చూశాడు.

"యాడికి సార్ పోతున్నరు?"

"మహాబలేశ్వరం."

"గీ బండి మీదనా?" అని అతను నవ్వి, టీ ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. "మెల్లగ పోండ్రి. మా అవ్వ కూడా గట్లనే ఏదో ఒకటి అడుగుతుంటది."

షోలాపూరు దారిలో భాష పోయింది. చేత్తో చెంబు చూపించి, ఆకాశం వైపు చూపించి, "కృష్ణా, కృష్ణా," అనేవారు. చూసినవాళ్ళు మొదట నవ్వేవారు, తర్వాత దారి చూపించేవారు. అంత పొడుగు దారిలో ఒక్కరూ శాలువా కప్పలేదు. ఒక పెట్రోలు బంకు కుర్రాడు మాత్రం అడక్కుండానే చైనుకు నూనె పోశాడు.

వాయి అనే ఊరు దాటాక కొండ మొదలైంది. పాత ఒప్పందం ప్రకారం ఆయన దిగారు. మోపెడ్ కాస్త దూరం ఎక్కింది, ఆ తర్వాత ఒప్పందం మరిచిపోయింది. దాన్ని నెట్టుకుంటూ నడిచారు. మోకాళ్ళు మొరాయించాయి. పైనుంచి కార్లలో దిగే పిల్లలు చేతులూపుతున్నారు. సగం కొండలో రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేశారు. నొప్పికి కాదు. తను చేరి, నీళ్ళు పట్టి, వెనక్కి పోయేలోపు అమ్మకేమన్నా అయితే ఆ టిన్ను నీళ్ళే ఆవిడకు చివరి తీర్థం అయిపోతుంది. అది తన చేతులతోనే పోశారు. ఆ భయమే మళ్ళీ లేపి నిలబెట్టింది.

పైన పాత గుళ్ళో రాతి ఆవు నోట్లోంచి కృష్ణమ్మ సన్నటి ధారగా పడుతోంది. ఆయన కొట్టు వెనక కుళాయి కూడా అంతకంటే బాగా వస్తుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినప్పుడు చూసిన మనిషి, ఇంతేనా అనుకున్నారు. తర్వాత దోసిలి పట్టి తాగారు. చెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకున్నారు.

తిరిగి కంకిపాడు సెంటర్లో అడుగుపెట్టేసరికి గంగాప్రసాద్ ఎదురొచ్చారు.

"ఎక్కడికి పోయారండీ ఇన్నాళ్ళూ?"

"మహాబలేశ్వరం."

గంగాప్రసాద్ చుట్టూ చూసి, దగ్గరికి జరిగారు. "మెల్లగా అనండి బాబాయ్ గారూ. ఇప్పుడు వెళ్ళారంటే అప్పుడు వెళ్ళనట్టేగా. ఆ తీర్థం ఉండగా మూఢమైనా దోషం లేదని ముఖ్య అతిథి గారు అది చల్లే మా కొత్త వెంచరుకు శంకుస్థాపన చేశారు. మొన్న ఒకాయన కూడా అదే ధైర్యంతో మీ సీసా పక్కన పెట్టుకుని కూతురి నిశ్చితార్థం చేశాడు. ఇప్పుడు వాళ్ళందరూ ఏమనుకోవాలి?"

"నేనెవరితో ఏమన్నానయ్యా? అమ్మకిచ్చి పడుకుంటాను. నడుం పడిపోయింది."

"చెంబు కనపడుతోందండీ," అన్నారు గంగాప్రసాద్, బాధగా.

ఆయన కూడా వెంట నడిచారు. బుల్లెమ్మ మంచం మీద ఉంది, ఉంది కానీ చిక్కి సగమైంది. కొడుకు లేపి కూర్చోబెట్టి చెంబు నోటికి అందించారు. ఆవిడ ఒక గుటక తాగి, కళ్ళు మూసుకుని, నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది. ఇంకో గుటక తాగింది. చెయ్యి చాచి కొడుకు గడ్డం తడిమింది.

"ఇయ్యిరా నీళ్ళంటే," అంది. "వాసనే లేదు. ఎంత తియ్యగా ఉన్నయ్యో. ఆ రోజు పోసింది టిన్ను నీళ్ళు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా మామ్మా," అన్నారు గంగాప్రసాద్. "బాగున్నయ్యన్నావుగా మైకులో."

"మూతి దగ్గర మైకు పెట్టి, ఊరు ఊరంతా కళ్ళకద్దుకుంటా ఉంటే నేనొక్కదాన్నీ ఎట్టా కాదంటానురా? నాకు చూపు ఆనదు. నాకే కనపడిందా టిన్ను. మీకెవరికీ కనపళ్ళేదా?"

గంగాప్రసాద్ నీళ్ళు నమిలారు. కృష్ణ నీళ్ళు కావవి. సాయంత్రం సమితి అత్యవసరంగా సమావేశమై, రామకోటేశ్వరరావు గారు ఇన్నాళ్ళూ కామెర్లకు పసరు మందు కోసం గుడివాడ చుట్టాలింట్లో ఉన్నారని తీర్మానించింది. ఆయన త్వరగా కోలుకోవాలని ఒక ఫ్లెక్సీ కూడా వేయించింది. దానికింద రామకోటేశ్వరరావు కుర్చీలు దించుకుంటూ మామూలుగానే తిరుగుతున్నారు. ఎవరన్నా కామెర్లు తగ్గాయా అంటే తగ్గాయండీ అంటున్నారు. ఆయనకిప్పుడు ఆ సంగతేం పట్టడం లేదు. అమ్మ పూటకు గిన్నెడన్నం తింటోంది.

ఇలాంటివి తీర్మానాలతో దాగుతాయా? రెండ్రోజుల్లో ఊరందరికీ తెలిసింది. బుల్లెమ్మకు కూడా ఒక్కత్తే తాగేయాలని లేదు. చెంబు గుమ్మం పక్కన పీట మీద పెట్టించి, వచ్చినవాళ్ళకి తలా కాస్త పోస్తానని మంచం అక్కడికే వేయించుకుంది. జనం ఆ వీధిలోంచి వెళుతూనే ఉన్నారు. బాగున్నావా మామ్మా అంటున్నారు. చెంబు వంక చూస్తున్నారు. ఒక్కరూ ఆగడం లేదు. తాగితే తేడా తెలుస్తుంది, తెలిస్తే దేవుడి గదిలో ఉన్న సీసాను ఏం చేయాలో తేల్చుకోవాలి.

మొన్న సాయంత్రం మీరు కూడా ఆ వీధిలోంచే వెళ్ళారు. ఆవిడ మిమ్మల్ని పేరు పెట్టి పిలిచింది. మీరు, మోగని ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు.